పదకొండో మంచం నిద్ర

“ష్! మేష్టారూ, గొంతు తగ్గించండి. పదకొండో నంబరు ఇప్పుడే కన్నుమూసింది.”

“శుభం పలకండి మహానుభావా!” టైలరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. “ఆస్పత్రిలో అనాల్సిన మాటేనా అది? నిద్రపట్టింది అనండి.”

కండక్టరు నాలుక కరుచుకున్నాడు. మేష్టారికి నవ్వు ఆగలేదు. మాస్కు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వాడు. ఆ నవ్వు టైలరమ్మకు అంటుకుంది. ఆమె నుంచి కండక్టరుకు. మహమ్మారి మొదలైన దగ్గర్నుంచీ ఆ వార్డులో ఒకరి నుంచి ఒకరికి అంటుకున్న మంచి జబ్బు అదొక్కటే.

పదకొండో మంచం మీదావిడకు ముప్పై దాటి ఉంటాయి. ముఖం మీద మాస్కు పట్టీల అచ్చులు ఎర్రగా దిగబడ్డాయి. కళ్ల కింద నలుపు. పదహారు రోజులుగా ఇంటి మొహం చూడలేదు. ఇందాక నిలబడ్డ చోటే తూలిపోతుంటే ముగ్గురూ పట్టుకుని పడుకోబెట్టారు. టైలరమ్మ మెడదాకా దుప్పటి కప్పింది.

“జ్వరమేమన్నా ఉందా?” అన్నాడు మేష్టారు.

“లేదు. ఆక్సిజన్ తొంభై తొమ్మిది. ఒళ్లు హూనమైపోయింది, అంతే. ఎవరన్నా కదిలించారో, ఊరుకోను,” అన్నాడు కండక్టరు.

వార్డులో ఉన్నవాళ్లంతా గండం గడిచినవాళ్లే. నాలుగింటికి పెద్ద డాక్టరమ్మ వచ్చేలోపు అందరి వేలికీ క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూడాలి, జ్వరం చూడాలి, చార్టులో రాయాలి, దాహమన్నవాళ్లకు వేడినీళ్లివ్వాలి. పెద్ద పనేం కాదు. కానీ ముగ్గురూ ఈ పనికి కొత్త. కండక్టరు ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టిన మనిషి. ఈ వార్డుకొచ్చి పన్నెండు రోజులు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా ఇవాళ కాళ్లు గాల్లో తేలుతున్నట్టున్నాయి.

“వేళ్లు, వేళ్లు! అందరూ వేళ్లు రెడీగా పెట్టుకోవాలి,” అని గుసగుసగా కేకేశాడు. “ఒకటో నంబరు, తొంభై ఏడు!”

“డిస్టింక్షన్,” అంటూ మేష్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు.

“రెండో నంబరు, తొంభై నాలుగు.”

“పాసే. కానీ రేపటికి ఇంకా శ్రద్ధగా ఊపిరి పీల్చాలి.”

“అలాగే సార్,” అంది రెండో మంచం మామ్మ, నిజంగానే బెంచీ మీద నిలబెడతాడేమో అన్నంత భయంగా.

వేడినీళ్ల ట్రాలీ కీచుమంటే టైలరమ్మ చక్రానికి రెండు చుక్కలు తలనూనె వేసింది. కుట్టుమిషన్‌కు వేసిన చెయ్యి కదా, ట్రాలీ నోరు మూసుకుంది.

ఏడో మంచం దగ్గర నవ్వులు ఆగిపోయాయి. క్లిప్పు ఎనభై రెండు చూపిస్తోంది. కండక్టరు చూపు పదకొండో మంచం వైపు వెళ్లి, మళ్లీ తాత మీదికి వచ్చింది.

“తాతా, ఊపిరాడుతోందా?”

“భేషుగ్గా ఆడుతోంది. చన్నీళ్లతో చేతులు కడుక్కొచ్చా. వేళ్లు మొద్దుబారాయి.”

కండక్టరు ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టి రుద్దాడు. తొంభై ఆరు! ముగ్గురూ చప్పుడు లేకుండా చప్పట్లు కొట్టారు.

ఇంతలో పదకొండో మంచం పక్కన ఫోను మోగింది. కండక్టరు ఆయాసపడుతూ పరుగెత్తి ఎత్తాడు. తెరమీద పళ్లూడిన చిన్నపిల్ల.

“అమ్మేది?”

“నిద్రపోతోందమ్మా.”

“నిజంగా నిద్రా? అబద్ధం చెప్పకు తాతా.”

అతను ఫోను అటు తిప్పి చూపించాడు. పిల్ల చాలాసేపు చూసింది.

“గురక పెడుతోంది!” అని కిలకిలా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. “ఇంటికెప్పుడొస్తుంది?”

కండక్టరు ఫోను మళ్లీ తనవైపు తిప్పుకున్నాడు. “తొందర్లోనే తల్లీ. నేను పంపిస్తాగా.”

ఫోను పెట్టేసరికి తలుపు దగ్గర మేష్టారు చేతులూపుతున్నాడు. పెద్ద డాక్టరమ్మ! నాలుగు కావడానికి ఇంకా అరగంట ఉంది.

“కొంప మునిగింది,” అంది టైలరమ్మ. “ఈ నిద్ర చూసిందంటే ఉద్యోగం ఊడినట్టే.”

డాక్టరమ్మ లోపలికొచ్చింది. నూనె పట్టిన చక్రం చూసింది. మేష్టారి చేతిలోంచి చార్టు లాక్కుని, డిస్టింక్షన్లతో సహా మొదటి నుంచి చివరిదాకా చదివింది. కండక్టరు పదకొండో మంచానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

“ఇక్కడ సీటు ఖాళీ లేదు మేడం. లేపడానికి వీల్లేదు. కావాలంటే నన్ను తిట్టండి.”

ఆమె అతని భుజం మీదుగా తొంగిచూసింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. వాటి కింద ఆమె కళ్లూ నిద్రలేక వాచే ఉన్నాయి. మాస్కు వెనక నవ్వు ఆపుకుంటూ, గుసగుసగా అంది:

“పేషెంట్లు ముగ్గురూ ఇక మీ మంచాలెక్కండి, నర్సమ్మ డ్యూటీ నేను చేస్తాను.”