మట్టిగూట్లో మేక వెంట్రుకలు

పశువుల కొట్టం దూలానికి వానకోయిల జంట మట్టిగూడు కడుతోంది. గట్టిగా ఉంటుందని మగపిట్ట మేక వెంట్రుకల ఉండ తెచ్చి మట్టిలో కుక్కింది. ఆరగానే సరిగ్గా అక్కడే పెచ్చు ఊడింది.

"రేపో మాపో గుడ్లు పెట్టాలి. ఇందులోనా?" అంది ఆడపిట్ట.

"వెంట్రుకలు చాల్లేదే. ఇంకో ఉండ తెస్తా."

"అవి ఒకదాన్నొకటి పట్టుకు కూర్చుంటే మట్టిని ఎవరు పట్టుకుంటారయ్యా?"

మగపిట్టకు రోషమొచ్చి, కొత్త ఉండ తెచ్చి ముక్కుతో దబదబా పొడిచింది. వెంట్రుకలు తెగాయి గానీ చిక్కు విడలేదు.

ఆడపిట్ట ఒక్కో వెంట్రుకనూ మెల్లగా లాగి, ఉమ్మితో తడిపి, పలచటి బురదలో విడివిడిగా కలిపింది. ఆ బురదతో కట్టిన గోడ ఆరాక, అంచు మీద దూకి చూసింది. బీట కూడా పడలేదు.

"మరి ఈ మిగిలిన ఉండ?" అంది మగపిట్ట చిన్నబోయి.

"గుడ్ల కింద పరుపు. అక్కడ ఎంత చిక్కుపడితే అంత వెచ్చన."