శుభ్రమైన కరెంటు

"పోలేదు! ఇంకా అలాగే ఉంది!"

ఆమె క్యాసెట్ డెక్ ఆపేసి విసురుగా లేచింది. సోఫాలో పడుకుని ఫోను చూసుకుంటున్న భర్త ఉలిక్కిపడ్డాడు.

"ఏంటి పోనిది?"

"రొద. అమ్మ పాట కింద గుయ్యిమని. మీకు వినబడ్డం లేదూ?"

"నాకు వినబడేది నీ అరుపే."

ఆమె వంగి, కొత్త పెట్టె మీద చెయ్యి పెట్టి చూసింది. కాలుతోంది. ఇద్దరు మనుషులు ఆపసోపాలు పడుతూ మెట్లెక్కించిన పెట్టె అది. పేరు పవర్ రీజనరేటర్. గోడలోంచి వచ్చే కరెంటులో మోటార్ల మురికీ లిఫ్టుల మురికీ అంతా కలిసి ఉంటుందనీ, ఈ పెట్టె దాన్ని లోపలికి లాక్కుని, కడిగిన ముత్యంలాంటి కరెంటును కొత్తగా తయారుచేసి స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్‌కి ఇస్తుందనీ షాపతను చెప్పాడు.

చెప్పింది అబద్ధమూ కాదు. పొద్దుట్నించి పెట్టిన ప్రతి పాటా తేటగా పలికింది. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా విడిగా తెలిసింది. పాటకీ పాటకీ మధ్య స్పీకరుకి చెవి ఆనించినా చీమ చిటుక్కుమనలేదు. ఒక్క అమ్మ క్యాసెట్ పెడితే మాత్రం ఆ రొద మళ్లీ ప్రత్యక్షం! అసలు పెట్టె కొన్నదే ఆ క్యాసెట్ కోసం. తను పుట్టకముందెప్పుడో ఇంట్లో రికార్డు చేసింది. అమ్మ పోయాక ఆ గొంతు మిగిలింది అందులోనే.

కళ్లద్దాల షాపులో రోజంతా అద్దాల మీద గీతలు వెతికే మనిషి ఆమె. పాట మీద గీత ఉంటే ఊరుకుంటుందా? ఫ్యాన్లు ఆపింది. ఫ్రిజ్ ప్లగ్గు పీకింది. వైర్లన్నీ ఊడదీసి అటువి ఇటు, ఇటువి అటు పెట్టింది. మళ్లీ క్యాసెట్ పెట్టింది. గుయ్యి...

"ఛీ!"

"ఇంట్లోనే కరెంటాఫీసు తెరిచావు," భర్త చెమట తుడుచుకుంటూ బాల్కనీలోకి నడిచాడు. "ఇక పెరట్లో ఆనకట్ట కట్టడమొక్కటే తక్కువ. వంటింట్లో ఐసు కరిగి నీళ్లు కాలువ కడుతున్నాయి, దానికి పనికొస్తాయేమో చూడు."

లోపలి గది తలుపు తెరుచుకుంది. ఆమె తండ్రి తొంగి చూశాడు.

"ఎందుకమ్మా ఇంత హైరానా? బాగానే ఉందిగా."

"ఏం బాగుంది నాన్నా? అమ్మ గొంతు కింద ఆ గోల!"

"అదేమీ అడ్డం రావడం లేదు."

"నీ చెవులకి అది అందదులే."

ఆయన ఏదో అనబోయి, గొంతు సవరించుకుని, మళ్లీ లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు. ఎప్పుడూ అంతే. ఆ క్యాసెట్ పెడితే చాలు, ఆ తలుపు మూతపడుతుంది. నాన్నకి పాటలంటే గిట్టదని ఆమె ఏనాడో తేల్చేసుకుంది.

సాయంత్రం షాపతను వచ్చాడు. గుమ్మంలోనే అందుకుంది.

"మీ పెట్టె మీరే మోసుకుపోండి. రొద పోతుందని నమ్మబలికారు. ఇంట్లో సెగ తప్ప ఇంకేం రాలేదు."

"ఒక్కసారి విననివ్వండి మేడమ్."

అతను నేల మీద బాసీపట్టు వేసుకుని కూచుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, క్యాసెట్ సాంతం విన్నాడు. మీటరుతో పెట్టెను పరీక్షించాడు.

"పెట్టెలో లోపం లేదు మేడమ్. రొద కరెంటుది కాదు. క్యాసెట్లోనే ఉంది."

"అయితే బతికినన్నాళ్లూ దాన్ని భరించాల్సిందేనా? మా అమ్మని ఒక్కసారి శుభ్రంగా విందామంటే ఇంత అఘోరించాలా?"

"అక్కర్లేదు. లాప్‌టాప్‌లోకి ఎక్కించి తుడిచేస్తాను. ఒకటే తీరున సాగుతోంది కాబట్టి ఇట్టే దొరుకుతుంది."

అతను పని చేస్తున్నంతసేపూ ఆమె కాలు కాలిన పిల్లిలా తిరిగింది. మూడుసార్లు అయిందా అని అడిగింది. నాలుగోసారి అడగకముందే అతను లాప్‌టాప్ వైరును యాంప్లిఫయర్‌కి తగిలించాడు.

పాట మొదలైంది.

రొద లేదు. మచ్చుకైనా లేదు. అమ్మ ఊపిరి పీల్చుకోవడం వినబడింది. పెదవులు విడివడిన చప్పుడు వినబడింది. పల్లవి ఎత్తుకున్న గొంతు, గదిలో ఎదురుగా కూచుని పాడుతున్నంత దగ్గరగా ఉంది. ఆమె ఉన్నచోటే నేల మీద కూలబడింది. చెంపల మీద కన్నీళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. బాల్కనీలోంచి భర్త వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అత్తయ్య ఇంత బాగా పాడేవారా!" అన్నాడు మెల్లగా.

గది తలుపు తెరుచుకుంది. తండ్రి వచ్చి గడప మీదే ఆగిపోయాడు. పాట నడుస్తుండగా ఆయన బయటికి రావడం అదే మొదలు. ఆమె మురిసిపోయింది.

"విన్నావా నాన్నా! ఇప్పుడు చూడు ఎంత తేటగా ఉందో!"

ఆయన తల వంచుకుని చివరి చరణం దాకా విన్నాడు. పాట ఆగాక ఒక స్పీకరు వైపు చూశాడు, తర్వాత రెండోదాని వైపు చూశాడు, ఎవరినో వెతుకుతున్నట్టు.

"మీ అమ్మ ఒక్కతే పాడుతోందేం?" అన్నాడు.

"అంటే?"

"పక్కన కూచుని శ్రుతి పట్టింది నేనమ్మా. నన్నెందుకు తీసేశారు?"