అడ్డం ఒకటి, నిలువు ఒకటి

గోదారి పొంగుతోందని, ముక్తేశ్వరంలో కడుతున్న మేడలో కాస్త మెరకగా ఉన్న ఒక్క గదిలోనే సిమెంటు బస్తాలన్నీ వేయించాడు బుల్లెబ్బాయి మేస్త్రి. చోటు చాలక, తల మించిన ఎత్తుకి ఒకదాని మీద ఒకటి నిలువునా పేర్పించాడు.

"ఇలాగైతే ఒరిగిపోతాయండి మేస్త్రిగారూ. అడ్డం ఒకటీ నిలువు ఒకటీ వేద్దామండి," అంది బస్తాలు మోసే నాగరత్నం.

"నీళ్లొచ్చేస్తన్నాయి, కానియ్యి!" అని కసిరాడు.

మర్నాడు ఆ వరస ఒరిగి ఆమె మీదే పడింది. బస్తాలు తీసేసరికి ప్రాణం లేదు. కాలుజారి ఆమే వాటిని మీదకి లాక్కుందని అందరితో చెప్పాడు మేస్త్రి. ఆమె మొగుడితో కూడా.

నాగరత్నం దినం అయిన రాత్రి సామాను కాపలాకి ఎవరూ రామంటే తనే పడుకున్నాడు. ఉన్నట్టుండి కప్పల అరుపులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, తాళం వేసిన గదిలోంచి ధబ్బుమని చప్పుడు. కాసేపాగి మళ్లీ.

తాళం తీసి లైటు వేశాడు. సాయంత్రం దాకా చెల్లాచెదురుగా పడున్న బస్తాలు అడ్డం ఒకటీ నిలువు ఒకటీగా, నడుమెత్తున, పొందిగ్గా పేర్చి ఉన్నాయి. కింద ఒక్కటే మిగిలింది.

"ఓ చెయ్యెయ్యండి మేస్త్రిగారూ," అని వినిపించింది, రోజూ బస్తా తలకెత్తమని అడిగే గొంతుతోనే.

కాదనలేకపోయాడు. వంగి, బస్తాని ఆమె తలెత్తు దాకా లేపాడు.

బరువు చేతుల్లోంచి మెల్లగా పోయింది. బస్తా మాత్రం కింద పడలేదు.