మోకాలి కట్టు

నవంబరు పదకొండో తేదీ. ఆ పొద్దున ఇంట్లో అందరూ వెన్న రాసిన రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. అతని గుడ్డు మాత్రం పళ్ళెంలోనే చల్లారిపోయింది. వాళ్ళమ్మ అప్పుడే అతని చేతికి చెడిపోయిన మిక్సీ అందించింది.

"రేపు పరుగుకి వెళ్తావుగా, దారిలో రిపేరువాడికి ఇచ్చెయ్యి. వాడి ఇల్లు షాపు వెనకే. తలుపు కొడితే లేస్తాడు."

"మిక్సీ పట్టుకుని పరిగెత్తాలా అమ్మా?"

"పాల డబ్బా పట్టుకుని పరిగెత్తట్లేదూ?"

"నాన్నా, నా బ్యాగు జిప్పు కూడా!" అంది కూతురు.

భార్య ఏమీ అడగలేదు. జడ వేసుకుంటూ కిటికీలోంచి సముద్రం వైపు చూస్తోంది.

అతను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. కిటికీ లేని వెనక గదిలో, గోడకి ఎదురుగా రోజంతా కూర్చోవాలి. ఇంటికొస్తే తలో దిక్కు నుంచీ పిలుపులు. అతనిది అని చెప్పుకోవడానికి మిగిలింది పొద్దుటి పరుగొక్కటే. అల వెనక్కి వెళ్ళాక గట్టిపడిన తడి ఇసుక బూట్లలోని అరికాళ్ళని పైకి తోసేది. గాలి చొక్కాలో దూరి వీపు తట్టేది. అన్నిటికన్నా హాయి ఏమిటంటే, అక్కడ అతన్ని ఎవరూ పిలిచేవారు కాదు. అలాంటి పరుగుకి మొదట పాలు తగిలించారు, తర్వాత మందులు, ఆపైన ఇస్త్రీ బట్టలు. ఇప్పుడు మిక్సీ.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు, నా పరుగుకీ మీ పనులకీ ఏమిటమ్మా సంబంధం?" అన్నాడు.

మోకాలు అన్న మాట నోట్లోంచి వచ్చాక దాన్ని ఊరికే వదలబుద్ధి కాలేదు.

"అయినా నాకు మోకాలు నొప్పి. రేపు పరుగూ లేదు, ఏమీ లేదు!"

కొన్నాళ్ళు కుంటితే ఈ పనులన్నీ వేరే దారి చూసుకుంటాయి, ఆ తర్వాత ఖాళీ చేతులతో పరిగెత్తొచ్చు. అదీ అతని ఎత్తు. భార్య ఎముకల వార్డులో నర్సన్న సంగతి, ఆమె జడ సగంలో వదిలేసి తన ముందుకొచ్చి కూర్చున్నాక గాని గుర్తు రాలేదు.

"ఏ కాలు?"

"ఎడమది."

ఆమె వేళ్ళతో నాలుగుచోట్ల నొక్కింది. కాసేపు ఆలోచించింది.

"నరం పట్టేసింది. పరుగు మానాల్సిందే. రోజూ కట్టు కడతాను."

"రోజూనా?"

"రోజూ. పాలకి నేను వెళ్తాలెండి."

నమ్మేసింది! అతను లోలోపల భుజం తట్టుకున్నాడు.

ఆ సంతోషం మర్నాటికే ఆవిరైపోయింది. పరిగెత్తేవాడికి ఉండే పనుల కన్నా కూర్చున్నవాడికి ఉండే పనులు ఎక్కువని అప్పుడు తెలిసింది.

"ఎలాగూ కూర్చునే ఉన్నావుగా, ఈ బఠానీలు ఒలువు," అనేది తల్లి.

"ఎలాగూ కూర్చునే ఉన్నావుగా నాన్నా, నా మ్యాపుకి రంగులెయ్యి," అనేది కూతురు.

చెప్పులేసుకుని కుంటుకుంటూ షాపుకి వెళ్ళడం, కుంటుకుంటూ రావడం, కట్టుతో మంచమెక్కడం. కిటికీలో బెత్తెడు సముద్రం కనిపించేది. అల చప్పుడు వినిపించినప్పుడల్లా, నిద్రలో పరిగెత్తే కుక్కపిల్ల కాళ్ళలా, దుప్పటి కింద అతని కాలివేళ్ళు కదిలేవి.

భార్య పాలతో ఆలస్యంగా వచ్చేది. "అక్కడ జనం ఎక్కువగా ఉన్నారండీ," అనేది. చెంపలు ఎర్రగా ఉండేవి. అంత అలసటలోనూ అతని కాలి కింద దిండు సర్ది, వేడి టీ చేతికందేలా పెట్టి, ఏదో కూనిరాగం తీస్తూ వంటింట్లోకి వెళ్ళేది. ఆ టీ తాగుతుంటే అతనికి అబద్ధం ఇంకాస్త చేదుగా తగిలేది.

"అమ్మా, నా ఉన్ని మేజోళ్ళు కనబడట్లేదు!" అని కూతురు ఒకరోజు ఇల్లంతా వెతికింది.

"ఈ ఇంట్లో మనిషి కాళ్ళు పడిపోయాయి, మేజోళ్ళకి కాళ్ళొచ్చాయి," అంది నాయనమ్మ.

ఒక సాయంత్రం అతను పరధ్యానంగా కుడికాలు చాపాడు. భార్య దానికే కట్టు కట్టింది. నొప్పన్నది ఎడమకాలని సగంలో అతనికి గుర్తొచ్చింది. ఆమె మాత్రం ముడేసి లేచిపోయింది. డ్యూటీ అలసట, పాపం, గమనించలేదు అనుకున్నాడు.

ఆ రాత్రి కల్లో కూడా అతను కుంటుతూనే ఉన్నాడు. ఇక వల్ల కాలేదు. మర్నాడు భోజనాలయ్యాక, ఆమె కట్టు తెచ్చేసరికి మంచం దిగి నిలబడ్డాడు.

"నాకు పూర్తిగా తగ్గిపోయింది. రేపట్నుంచి పాలకి నేనే వెళ్తాను. ఆ మిక్సీ కూడా ఇచ్చెయ్యి, పట్టుకుపోతాను."

"కూర్చోండి." ఆమె మోకాలు నొక్కింది. "ఇక్కడ నొప్పుందా?"

"లేదు."

"ఇక్కడ?"

"అస్సలు లేదు!"

"అయ్యో, స్పర్శ కూడా పోయిందే!" అందామె. "ఇంకో నెల కదలకూడదు."

"నెలా! అన్నాళ్ళూ ఇంటి పనులూ, డ్యూటీ, మళ్ళీ ఆ పాలూ... నీకెంత శ్రమ!"

"శ్రమేముందండీ," అంటూ ఆమె కట్టు బిగించి ముడేసింది. "అక్కడ నన్నెవరూ పిలవరు."

ఆమె లేచి వెళ్ళి పెరటి తలుపు తీసింది. బయట ఆరబెట్టిన అతని పరుగు బూట్లు లోపలికి తెచ్చి, ఇసుక దులిపి, వేళ్ళ దగ్గర తన కాలికి వదులు లేకుండా కుక్కిన కూతురి ఉన్ని మేజోళ్ళని ఇంకాస్త లోపలికి నొక్కి, చప్పుడు కాకుండా తలుపు వేసేసింది.