బ్రిడ్జి మీద బంతి

"మళ్లీ పడింది! బంతి సన్న బ్రిడ్జి మీదికి రాంగనే చేతులెందుకు తీస్తున్నవ్ బాపూ?" స్నిగ్ధ విసుక్కుంది.

గుండయ్య నడిపే లారీ బోల్తాపడి ఆరు నెలలైంది. అప్పుడు దెబ్బతిన్న అతని వేళ్లకు కసరత్తని, బంతిని దొర్లించే ఈ ఆటను కూతురే పాత కంప్యూటర్లో పెట్టింది.

గుండయ్య లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. "భయమైతది. చిరాగ్‌పల్లి కాడ గూడ గిట్లనే అయింది. చెరుకు ట్రాక్టర్ ఎదురొచ్చింది. గాబరాల స్టీరింగ్ ఇడిసిపెట్టిన."

"బ్రేకులు ఫెయిలైనయంటివి గద?"

"అబద్ధం చెప్పిన బిడ్డా."

ఆ బ్రేకులు బాగుచేసిన మెకానిక్ బస్వరాజును పనిలోంచి తీసేశారు. ఎదురైనప్పుడల్లా స్నిగ్ధ అతన్ని చూసి మొహం తిప్పుకుంటోంది.

"రేపు పోయి ఆయనకు చెప్త."

"రేపొద్దు. చెప్పులేస్కో," అంటూ స్నిగ్ధ స్కూటీ తాళం తీసుకుంది. "నేను గూడ మాఫీ అడగాలె."