బేబి రాసిన కాగితం

“నా పేరు కొట్టీయండి మేడమ్. ఇక సదవలేను,” అంది బేబి.

పొద్దున్నే ఊరూరా తిరిగి చేపలమ్మి, అక్కుపల్లి నుంచి రెండు బస్సులు మారి టెక్కలిలోని దూరవిద్య కేంద్రానికి వచ్చిందామె. ముప్పై ఆరేళ్ల వయసులో డిగ్రీ చదువుతోంది. ఇంగ్లిష్ పరీక్ష రెండోసారీ తప్పింది.

లెక్చరర్ కమల వాదించలేదు. తెల్లకాగితం అందించింది. “కారణం రాసివ్వమ్మా. యూనివర్సిటీకి పంపాలి, ఇంగ్లిష్‌లోనే ఉండాలి.”

బేబి నీరసంగా బల్లమీదకు వంగింది. పావుగంట సేపు రాసి, కాగితం ఇచ్చి లేచింది.

కమల చదివింది. “ఎవరిని చూసి రాశావు?”

“ఎవుల్ని సూత్తాను? మీ ముందే కదా రాసినాను.”

“చేరిన రోజు ఇంగ్లిష్ రాయడం రాదని నీ దరఖాస్తు నాచేత రాయించుకున్నావు. గుర్తుందా?”

బేబి కాగితం వెనక్కి తీసుకుని నిలబడే చదువుకుంది. తను అలసిపోయానని, ఇంట్లో పని ఎక్కువని, ఇక రాలేనని ఉంది. అయిదు వాక్యాలు. ఒక్క కొట్టివేత కూడా లేదు.

“నానే రాసీసినానా?” అంది మెల్లగా.

“ఇవ్వు మరి. ఇవాళే పంపేస్తాను,” అని కమల చేయి చాపింది.

బేబి ఇవ్వలేదు. కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుని, బెంచీ మీద కూలబడింది.

“కాళ్లు పీకేత్తన్నాయి మేడమ్. కాసేపు కూకుంటాను.”

గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంది. అలాగే అడిగింది.

“పరీచ్చ మల్లీ ఎప్పుడు?”