బండ మీద కాబోయే రాజులు

నీటిమడుగుల మంత్రి ఎలుగుబంటి పదవి వదులుకున్న రోజున అడవి అంతా వీడ్కోలుకు వచ్చింది. అందరికంటే ఎక్కువ ఏడ్చింది తోడేలు. "బాబాయ్, నువ్వు మడుగులు చూసుకుంటూ కూర్చోవలసినవాడివా? సింహానికి వయసు మళ్లింది. ఈ మంత్రిగిరీ వదిలెయ్యి, రేపటి రాజువి నువ్వే!" అని నెల రోజులుగా చెవిలో పోరింది కూడా అదే. ఎలుగు గడప దాటకముందే తోడేలు ఆ పదవిలో వెళ్లి కూర్చుంది.

ఎలుగుబంటి అదేమీ పట్టించుకోలేదు. రాజన్నవాడు ఎత్తున కూర్చోవాలి కదా, ఇప్పటినుంచే అలవాటు చేసుకుందామని కొండ ఎక్కింది. పైన బండ మీద ఒక ముళ్లపంది మెడ నిక్కించి కూర్చుని ఉంది. ఎలుగుకు ముందు నీటిమడుగుల మంత్రి అదే.

"ఇక్కడేం చేస్తున్నావు?" అంది ఎలుగు.

"కనబడటం లేదా? కాబోయే రాజుని. సాధన చేస్తున్నాను."

ఎలుగుకు నవ్వు ఆగలేదు. "నువ్వు రాజువా! ఎవడు చెప్పాడయ్యా నీకు?"

"నువ్వే కదా! నా వీడ్కోలునాడు నన్ను కావలించుకుని, ముళ్లు గుచ్చుకుంటున్నా వదలకుండా ఏడ్చి మరీ చెప్పావు."

ఆ రోజు ఆ ఏడుపు ఏ పదవి కోసమో ఎలుగుకు బాగా తెలుసు. మళ్లీ నవ్వొచ్చింది, ఈసారి తన మీదే.

"నేను చెప్పినప్పుడు అది అబద్ధమని నాకు తెలుసు. అదే మాట ఇంకొకడు నాకు చెబితే నిజమని నమ్మాను. నా అంత తెలివైనవాడు ఈ అడవిలో లేడు. కాస్త జరుగు తమ్ముడూ," అంటూ బండ మీద కూలబడింది.